పడగొట్టే మనిషి పక్కన

గల్ఫ్‌లో మా కంపెనీ నన్ను డ్రైవర్‌గా పెట్టింది ఒక అమెరికా ఆయన దగ్గర. అల్ అజీజియాలో ఆయన, భార్య ఇద్దరే ఉండేవారు. ఒకప్పుడు ఆయన వాళ్ల దేశపు ఫుట్‌బాల్ ఆడేవాడు. కాలితో తన్నే ఆట కాదు, కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. ఆయన పరుగెత్తేవాడు కాదు, పరుగెత్తేవాణ్ణి పడగొట్టేవాడు. తొమ్మిదేళ్లు అదే ఉద్యోగం. ఇప్పుడు అల్ వక్రాలో ఒక జిమ్‌లో కసరత్తు నేర్పేవాడు.

ముందు సీట్లో నా పక్కనే కూర్చునేవాడు. మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు ఆనేవి. వంకర తిరిగిన వేళ్లు చూపించి ఒక్కో వేలి కథా చెప్పేవాడు. తలకు తల గుద్దుకుని కళ్లు బైర్లు కమ్మితే, డాక్టరు వచ్చి "ఇది ఏ ఊరు?" అని అడిగేవాడట. పక్కవాడు చెవిలో ఊరి పేరు ఊదితే అది చెప్పేసి మళ్లీ ఆటలోకి దిగేవాడట. లేకపోతే తన చోటు ఇంకొకడిది. చివరికి ఇంకొకడిదే అయింది. టీమ్ మేనేజరు ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడట. ఆయన నవ్వుతూ చెప్పేవాడు, నేనూ నవ్వేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అల్ వక్రా నుంచి తిరిగొస్తున్నాం. మాటల మధ్యలో ఆగి నా వైపు తిరిగాడు.

"ఎవరు నువ్వు?"

వేళాకోళం అనుకున్నాను. "మీ డ్రైవర్ని సార్."

"ఎక్కడికి తీసుకెళ్తున్నావ్? మా బస్సేది? మావాళ్లేరి?"

ఆ చూపులో నేనెవరో తెలిసిన జాడే లేదు. బండి పక్కకు లాగి ఆపీ ఆపకముందే తలుపు తెరిచేశాడు. దిగి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి లారీలు పోతున్న వైపు నడిచాడు. నేను పరుగెత్తి వెనక నుంచి చొక్కా పట్టుకున్నాను. ఆగలేదు, నన్ను ఈడ్చుకుంటూనే నడిచాడు. నా చెప్పు ఊడిపోయింది.

ఎంతమందిని పడగొట్టిన భుజమో అది. ఒక్కసారి విదిలిస్తే లారీ కింద ఉండేది నేను. పోనీ వదిలేస్తే? ఆయనకేమన్నా అయితే పోలీసులకేం చెప్పాలి? నా మాట ఎవరు నమ్ముతారు? చొక్కా వదల్లేదు. రెండో చేత్తో మేడమ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

ఆమె కంగారు పడలేదు. ఆమెకిది అలవాటేనా అని నాకు ఇంకా భయమేసింది. "ఆట అయిపోయింది. ఇక ఇంటికి రా" అంది మెల్లగా, రెండుసార్లు.

ఆయన ఆగాడు. రోడ్డంచున కూలబడి, నన్ను పేరు పెట్టి పిలిచి నీళ్లడిగాడు.

ఇలా జరగడం మూడోసారని ఇంటికెళ్లాక మేడమ్ చెప్పింది. తలకు తగిలిన దెబ్బల వల్లే కావొచ్చని డాక్టర్లు ఎప్పుడో అన్నారట. నాకే చెప్పలేదు.

ఇండస్ట్రియల్ ఏరియా కార్మికుల క్యాంపులో ఉండే నా జగిత్యాల స్నేహితుడికి ఫోన్ చేశాను.

"ఆ డ్యూటీ ఇడిసిపెట్టన్నా. నీకేమన్నయితే ఎవలు జూస్తరు?" అన్నాడు.

"కొత్తోడొస్తే ఆయప్ప ఇంకా బెదురుకుంటాడు లేప్పా" అన్నాను.

మర్నాటి నుంచి ఆయన్ను వెనక కూర్చోబెట్టి, లోపలి నుంచి తెరుచుకోకుండా తలుపులకు లాక్ వేశాను. రెండో రోజే కనిపెట్టాడు.

"నేనంటే భయమా?"

"అవును సార్."

"లాక్ తియ్యకు" అన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు అద్దంలో ఆయన కళ్లు చూసుకుంటూనే బండి నడిపాను. వేసవి మొదట్లో వాళ్లు తమ దేశం వెళ్లిపోయారు. విమానాశ్రయంలో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకు వేళ్లు నలిగాయి. ఆ క్షణంలో నేనెవరో తెలిసే పట్టుకున్నాడా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.