ఇయ్యాల ఏం కూరక్కా?

కావలిలో పశువుల డాక్టరు గారి వరండాలో ఒళ్ళో చీర కప్పిన పిల్లి బుట్టతో కూర్చున్నాను. లోపలి నుంచి స్పిరిట్ వాసన, వీధిలో ఎవరో దించిన చేపల తట్ట వాసన. రెండూ కలిసి ముక్కుకు తగిలేసరికి డాక్టరు మస్తానమ్మ గారు గుర్తొచ్చారు.

అప్పట్లో మేం కోట మండలంలో సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఉండేవాళ్ళం. మా పిల్లి పేరు సింహం. వీధి కుక్కల్ని తరిమే ఆ సింహం ఆసుపత్రి గేటు చూస్తే పిల్లి అయిపోయేది. మోసుకెళ్ళే నేను అంతకన్నా పిల్లిని. ఒకసారి పాత వలలో చిక్కుకుంటే, నైలాను తాడు దాని వెనక కాలిలోకి కోసుకుపోయింది. పాదం వాచి నల్లబడుతోంది. చెయ్యి వేస్తే కరుస్తోంది. మత్తిచ్చి తాడు తియ్యాలనీ, మర్నాడు ఖాళీ కడుపుతో తీసుకురమ్మనీ మస్తానమ్మ గారు చెప్పారు. నేను ఆ రాత్రే వంటింటికి తాళం వేసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

పొద్దున ఆవిడ బుట్టను బల్ల మీద పెట్టనివ్వలేదు. ఫ్యాను ఆపించి, బుట్ట మీద నా పాత చీర కప్పి, పక్కనే నేల మీద కూర్చున్నారు. నేను "భయపడకు నాన్నా" అని మొదలుపెట్టాను.

"దాంతో మాట్లాడబాకమ్మా. నీ గొంతులో వణుకు దానికి తెలస్తాది. గమ్మునుండు."

సూదిలోకి మందు ఎక్కించి, "ఏమన్నా పెట్టినారా?" అన్నారు.

"పచ్చి మంచినీళ్ళు గూడా ల్యా" అంది నాతో వచ్చిన మా అత్తమ్మ. నేనూ ధీమాగా తలూపాను.

ఆవిడ సూది దింపలేదు, ముందుకీ తేలేదు. "ఇయ్యాల ఏం కూరక్కా?" అన్నారు.

"కానాగంత చేపల పులుసు."

"యాడ తోమినావు?"

"ఇంకెక్కడ, వాకిట్లోనే."

"అప్పుడు సింహం యాడున్నింది?"

"నా పక్కనే కూసోని..." అత్తమ్మ ఆగిపోయింది. ఆమె కుడిచెయ్యి దానంతటదే ఏదో విసిరినట్టు కదిలింది. మా ఒడ్డున చేపలు తోమే చెయ్యి మొప్పల్ని పక్కనున్న పిల్లికి విసరడం ఊపిరి పీల్చుకోవడం లాంటిది. అది పెట్టడం కిందికి రాదు. పెట్టడమంటే గిన్నెలో అన్నం. వాకిలికి తాళం వెయ్యాలని నాకు తోచనే లేదు.

మస్తానమ్మ గారు సూది పక్కన పెట్టారు. "మత్తులో కక్కుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతాది. ఆగితే కాలు, ఆగకపోతే పానం."

"నేనే చంపుకునేదాన్ని గదమ్మా!" అత్తమ్మ ఏడ్చింది.

"ఆ మాట అనబాకక్కా. సరిగ్గా అడగాల్సింది నేను."

మధ్యాహ్నం దాకా ఆగాం. ఆవిడ మాటిమాటికీ చీర కింద చెయ్యి పెట్టి కాలివేళ్ళు తడిమేవారు. సింహం గుర్రుమనేది. ఆవిడ ముఖం చూసి వేళ్ళు చల్లబడుతున్నాయని పోల్చుకునేదాన్ని. ఒకసారి నావైపు తిరిగి, "నువ్వు ఊపిరి తీస్తన్నావా లేదా? ముందు నీకిచ్చేదా మత్తు?" అన్నారు. నేను నవ్వాను. చీర కింద గుర్రు కూడా కాస్త తగ్గింది.

చివరికి చీర మీదనుంచే సూది వేశారు. తాడు వచ్చింది. ఒక వేలు పోయింది, కాలు నిలిచింది. సింహం చాలా ఏళ్ళు కుంటుతూనే వీధిని ఏలింది.

మస్తానమ్మ గారు ఇప్పుడు లేరు. ఇక్కడి కుర్ర డాక్టరు మత్తుసూది పట్టుకుని బయటికొచ్చి, "ఏమీ పెట్టలేదు కదా మేడమ్?" అన్నాడు. నాలుక చివరిదాకా వచ్చిన 'లేదు'ను మింగి, మావారికి ఫోన్ చేశాను.

"ఏమండీ, పొద్దున మీరేం తిన్నారు?"

"ఇడ్లీ. వాకిట్లో పేపరు చదువుతా, పిల్లి కాళ్ళ దగ్గరే..." ఆయన ఆగిపోయారు.

ఫోన్ పెట్టేసి బుట్ట మీద చీర సర్ది, మధ్యాహ్నం దాకా ఏ మూలైనా కూర్చోడానికి కాస్త నేల చూపించమని డాక్టర్ని అడిగాను.