గుడిసె ముందు కూర్చునే కొలువు

మహబూబ్‌నగర్ దవాఖానలో ఆయాగా నా కొలువు ముగిశాక, నారాయణపేట దారి నుంచి బాగా లోపలికి, గుట్టల వెనక నాయిన వదిలిపోయిన రాళ్ళ చేనులో గుడిసె వేసుకున్నాను. కిరాయి ఇండ్లంటే అప్పటికే రోత పుట్టింది. గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి, చుట్టం వచ్చినా చెప్పాలి. ఇక్కడ చేను బాగుచెయ్యాలంటే రాళ్ళు ఏరక తప్పదు. ఏరినవాటితోనే గోడలు పెట్టాను. మట్టి తొక్కిందీ, అలికిందీ నేనే. నడిమి గుంజ నిలబెట్టడానికి, పైన గడ్డి కప్పడానికి మాత్రం పక్క చేను ముసలాయన చెయ్యి సాయం పట్టాడు. తలుపు పొట్టిగా వచ్చింది. ఎంతటివాడైనా వంగే లోపలికి రావాలి. అది నాకు నచ్చింది.

మొదట నవ్వింది మా తమ్ముడు. మహబూబ్‌నగర్‌లోనే రెండంతస్తుల ఇల్లు కట్టి, గేటు మీద సిమెంటు సింహాలను కూర్చోబెట్టుకున్న ఘనుడు. అందులో ఒక సింహానికి మెల్లకన్ను.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవక్కా. సర్కారు జీతం తిన్నదానివి, గుడిసెల ఉంటవా?"

"నీ ఇజ్జత్ నా గుడిసెల ఉన్నదారా? పొద్దుగాల ఊడ్చిన, యాడ కనవడలే."

రాష్ట్రం వచ్చి భూముల ధరలు లేచాక అదే తమ్ముడు తెల్లబూట్ల ఆసామి ఒకడిని వెంటేసుకుని వచ్చాడు. హైదరాబాదు నుంచి వచ్చి పక్క గుట్ట కింద భూమి కొన్నాడట, రిసార్టు కడతాడట. ఆ మనిషి వంగి లోపలికొచ్చి, సంతలో బర్రెను నిమిరినట్టు నా గోడను నిమిరాడు.

"అబ్బ, ఎంత ప్యూర్‌గా ఉందమ్మా!" అన్నాడు. పొయ్యిని, కుండను, చివరికి దండెం మీద ఆరేసిన నా తువ్వాలను కూడా ఫోటోలు తీసుకున్నాడు.

కొన్నాళ్ళకు ఆ గుట్ట కింద గుడిసెలు వరసగా లేచాయి. కాంక్రీటు గోడలకు మట్టిరంగు. నేను వేళ్ళతో అలికితే పడ్డ వంకర గీతలను పెయింటరు బ్రష్షుతో గీశాడు. స్లాబు మీద ఎండుగడ్డి, లోపల ఏసీ. బీదతనం కూడా చల్లగా ఉండాలి వాళ్ళకు.

తర్వాత తమ్ముడు ఒక కొలువు మోసుకొచ్చాడు.

"శని, ఆదివారాలు గుడిసె ముంగట కూసుంటె చాలంట అక్కా. ఇసుర్రాయి తిప్పుడు, నవ్వుడు. చీర గూడ వాళ్ళే ఇస్తరు."

"ఇసుర్రాయిల ఏమేసి తిప్పాలె?"

"ఏం వెయ్యద్దంట. ఉత్తగ తిప్పాలె."

ఛీ పొమ్మన్నాను. ఆ ఆసామితో తనకు పని ఉందని, ఒక్కసారి వచ్చి తన మాట నిలబెట్టమని బతిమాలాడు. మనుషుల తెలివితక్కువతనం ఎందాక పోతుందో చూద్దామని ఒక ఆదివారం వెళ్ళాను. నాకు ఎర్రంచు నారాయణపేట చీర కట్టించి, గుడిసె ముందు కూర్చోబెట్టారు. ఖాళీ రాయి గరగరమంటుంటే పళ్ళు జివ్వుమన్నాయి. నల్లద్దాల అమ్మాయి ఒకతె వచ్చి పక్కన చతికిలబడింది.

"అవ్వా, మీరు నిజంగా ఈ ఇంట్లోనే ఉంటారా?"

"ఇది ఇల్లు గాదు బిడ్డా, ఇల్లు లెక్క చేసిన బొమ్మ. ఇప్పుడు నేను గూడ గంతే."

ఆ పిల్ల పగలబడి నవ్వింది. "సో స్వీట్" అంటూ నా భుజం మీద తల పెట్టి సెల్ఫీ తీసుకుంది. నిజం చెప్పినా ముద్దొచ్చే మనిషినైపోయానని అప్పుడు ఒళ్ళు మండింది. లేచి లోపలికెళ్ళి, వాళ్ళ చీర విప్పి ఏసీ కింద కుర్చీ మీద పడేసి, నా చీర కట్టుకున్నాను. తెల్లబూట్ల ఆసామి అడ్డమొచ్చాడు.

"గెస్టులున్నారమ్మా, మధ్యలో పోతే ఎట్లా?"

"మీ గెస్టులకు నేనెందుకయ్యా? ఒక బొమ్మను చేయించుండ్రి. గోడలు చేసినోడే చేస్తడు."

ఎండలో గుట్ట పక్కగా ఇంటికి నడిచాను.

ఇప్పుడు అక్కడ పక్క ఊరి ముసలామె ఒకతె కూర్చుంటున్నది. ఆమెను ఏమీ అనను. ఆమెకు కొలువు లేదు, పింఛను లేదు, కడుపు ఉన్నది. నా ఈసడింపు ఆమెను అక్కడ కూర్చోబెట్టి చూసేవాళ్ళ మీదే.

తమ్ముడు చాలాకాలం మొహం చూపలేదు. మొన్న వానాకాలంలో వచ్చాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టాను. తిని ఇంకో రొట్టె అడిగాడు. అది తింటూ, తెల్లబూట్ల ఆయనకు నా చేను అంచు కొంచెం కావాలట, ఈతకొలను తవ్విస్తాడట అని మెల్లగా మాట ఎత్తాడు.

"ఆ మాట ఇంకోసారి ఎత్తితే రొట్టె గూడ పెట్టను" అన్నాను.

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.