చీట్లలో వచ్చిన గాలి

ఆ రోజుల్లో మా సంఘంలో ఏ చిక్కు వచ్చినా పెద్దలు మోకరించి ప్రార్థన చేసి చీట్లు వేసేవారు. గుడికి సున్నం ఎప్పుడు వేయాలి, క్రిస్మస్ నాటకంలో దేవదూత వేషం ఎవరికివ్వాలి, అన్నిటికీ చీట్లే. నాకు అభ్యంతరం లేదు, యేసు శిష్యులు అపొస్తలులే వేశారు. కాని వాళ్లు యూదా పోయాక పన్నెండో మనిషిని ఎన్నుకోవడానికి వేశారు గాని, లారీ టైర్లకు ఎంత గాలి కొట్టాలో తెలుసుకోవడానికి వేయలేదు. ఈ మాట పందొమ్మిది వందల డెబ్భైల్లో ఎంత కోపంగా అన్నానో ఇప్పుడూ అంతే కోపంగా అంటున్నాను.

లారీ మా మేనమామది, తోలేది నేను. చెరుకు తోటల బురదలో దిగబడిపోతోందని ఆయన బండితో వచ్చిన కంపెనీ టైర్లు పీకించి, వాటికంటే బాగా పెద్దవి వేయించాడు. బండి మీద రాసి ఉన్న గాలి లెక్క పాత టైర్లది. కొత్తవాటికి ఎంత పెట్టాలో ఎవరికీ తెలియదు (తెలియదని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు). చెరుకు లోడుకు తొంభై పౌండ్లు పెట్టి నెట్టుకొస్తున్నాం. అంతలో బెజవాడలో సువార్త సభలు వచ్చాయి. సంఘమంతా మా లారీలోనే బయలుదేరాలన్నారు. దారిలో చల్లపల్లిలో ఒక కుటుంబాన్ని ఎక్కించుకోవాలి. ఆ ఇంటి అమ్మాయిని నాకు అడుగుతున్నారు. వాళ్లమ్మగారికి నడుం నొప్పి, పైగా డ్రైవర్లంటే అనుమానం. "అబ్బాయి బండి నడిపే తీరు చూశాకే ఏ మాటైనా" అని కబురు పెట్టారు.

"మావయ్యా, మనుషులు చెరుకంత బరువుండరు, ఇంత గాలితో బండి ఎగిరెగిరి పడుతుంది. గాలి యాభైకి దించుదాం" అన్నాను. ససేమిరా అన్నాడు. మేం గుడి వాకిట్లో అరుచుకుంటుంటే హల్లెలూయ తాత (ఆ మాట అననిదే ఇంకో మాట అనడు) మధ్యకొచ్చాడు. "హల్లెలూయ! పోట్లాట దేనికిరా? ప్రభువునే అడుగుదాం!" చీట్లు వేశారు. తొంభై వచ్చింది. "ఆమెన్" అన్నారందరూ. పళ్లు కొరుక్కుంటూ నేనూ అన్నాను.

చల్లపల్లిలో అమ్మగారిని నా పక్కన కూర్చోబెట్టారు, అమ్మాయి వెనక ఆడవాళ్లలో ఎక్కింది. ఇక చూడండి, ఉయ్యూరు దాకా లారీ గంతులే గంతులు. వెనక కీర్తన పాడేవాళ్లు గుంట గుంటకూ ఒక చరణం మింగేశారు. ఉయ్యూరులో అమ్మగారు "ఆపు!" అన్నారు. నడుం పట్టుకుని దిగారు. "ఏం బాబూ, బండి తోలుతున్నావా, వడ్లు దంచుతున్నావా? మేం బస్సెక్కి ఇంటికి పోతాం. అమ్మాయీ, దిగు!"

నాకు తిక్క రేగింది. మేకు ఒకటి తీసుకుని మొదటి టైరు పక్కన గొంతుక్కూర్చుని, దాంతో వాల్వు నొక్కి గాలి వదిలాను. తాత పరుగున వచ్చాడు. "ఒరేయ్, ప్రభువిచ్చిన గాలిరా అది!"

"ఆయన బుర్ర కూడా ఇచ్చాడు తాతా!" అని అరిచాను. గాలి కొలిచే గేజీ పెట్టి చూసుకుంటూ ఆరు టైర్లూ యాభైకి దించాను. "అమ్మగారూ, కంకిపాడు దాకా రండి. అప్పటికీ నొప్పెడితే నేనే బస్సెక్కిస్తాను" అని బతిమాలాను. గొణుక్కుంటూ ఎక్కారు. కంకిపాడు వచ్చేసరికి ఆవిడ గురక పెడుతున్నారు.

సభల్లో తాత లేచి సాక్ష్యం చెప్పాడు. "హల్లెలూయ! దారిలో ప్రభువు మా లారీని పడవలా నడిపించాడు!" ఆ వెంటనే అమ్మగారూ లేచి, ప్రార్థన వల్ల తన నడుం నెమ్మదించిందన్నారు. నా పేరుగాని, నా మేకు పేరుగాని ఎవరూ ఎత్తలేదు!

పెళ్లయింది. ఈ అన్యాయం గురించి మా ఆవిడ దగ్గర ఏళ్ల తరబడి రుసరుసలాడాను. ఆమె బియ్యం ఏరుకుంటూ వినేది. ఈమధ్యే ఒకరోజు, "గాలి మీరే తీశారు, సరే. ఉయ్యూరు రోడ్డు మీద అంతసేపు ఒక్క బస్సైనా రాలేదేం?" అంది.

"ఏం?"

"రాకూడదని నేను ప్రార్థన చేస్తున్నాను కాబట్టి."

అంతా తానే చేస్తున్నాననుకుని ఉయ్యూరులో టైరు మీద చిందులేస్తున్న ఆ కుర్రాడు, ఒక్కసారి తల తిప్పితే, రోడ్డు పక్కన కళ్లు మూసుకుని నిలబడ్డ అమ్మాయి కనిపించేదే.