భానుమతిగారి ముక్కు తీర్పు

ఏ సంధిపత్రం మీద ఎవరు ఎక్కడ సంతకం పెట్టారో రాసుకున్న చరిత్రకారులు, గల్ఫ్‌లోని మదీనత్ ఖలీఫా పేటలో రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు భానుమతిగారు క్యారియర్ మూత తీసి వాసన చూసే ఘట్టాన్ని ఎందుకో వదిలేశారు. చుట్టుపక్కల ఎనిమిది శాకాహారి ఇళ్ళు ఆవిడ తీర్పు ఫోన్లో వచ్చాకే కంచాల ముందు కూర్చునేవి. ఆవిడ కాకినాడలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివారు. ఆధారం లేనిదే ఏదీ నమ్మరు. ఒకసారి నమ్మాక ఆధారం దొరక్కుండానూ పోదు.

ఆ క్యారియర్లు కుదిర్చింది పక్కింటి కృష్ణకుమారి. ఆర్నెల్లపాటు ఆ పప్పుచారు భానుమతిగారి మాటల్లో "అచ్చం మా అమ్మ చేతిదే." వండేది ఊరి చివర అల్ వుకైర్‌లో ఉండే నిజామాబాద్ హబీబున్నీసా అని తెలిసిన రోజు, మూత తీయగానే నీచు వాసన కొట్టింది. ఆవిడ క్యారియర్ ఆ రోజే ఆగింది; మిగతా ఎనిమిదిళ్ళూ ఊగిసలాడుతున్నాయి.

హబీబున్నీసా భర్త హమీదుద్దీన్ కంపెనీ మూతపడింది. ఈ ఎనిమిది క్యారియర్లూ ఆగితే, ఆమె, కూతురు అల్ఫియాతో కలిసి, నిజామాబాద్ తిరిగి పోవాల్సిందే. అందుకని స్వయంగా వచ్చింది.

"మేడమ్, మీ గిన్నెలు అలగ్ ఉంటయి. పొయ్యి గూడ వేరే. ఒక్కపారి వచ్చి చూడుండ్రి."

"వేరే ఎందుకు పెట్టావమ్మా? కలుస్తుందని నీకే అనుమానం కాబట్టేగా."

నెల తర్వాత మళ్ళీ వచ్చింది. "ఇప్పుడు మా ఇంట్ల గోష్ మాఫీ మేడమ్, మాంసం బందు పెట్టినం. నా బిడ్డ గుడ్డు గూడ తింటలేదు."

"అంటే ఇన్నాళ్ళూ ఉండేదన్నమాట," అన్నారు భానుమతిగారు, కేసు తేలిపోయిన జడ్జిలాగా.

కృష్ణకుమారికి మనసొప్పక, ఒకేలాంటి రెండు క్యారియర్లు తెచ్చి, ఏది ఎవరు వండిందో చెప్పకుండా ముందు పెట్టింది. భానుమతిగారు మూతలు తీసి, కళ్ళు మూసుకుని, రెండోదాన్ని దూరంగా తోశారు. సోఫాలో ఉన్న భర్త రామచంద్రరావుగారు పేపర్లోంచి తల ఎత్తలేదు.

"అది నేను వండిందండీ," అంది కృష్ణకుమారి.

"అయితే ఆవిడ వాసన నీ గిన్నెలకీ పట్టిందన్నమాట. సరిగ్గా తోముతున్నావా అసలు?"

ఆ సాయంత్రం పేరంటానికి కృష్ణకుమారి చేసిన పులిహోర ఎవరూ ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే, అందరికంటే ముందు క్యారియర్ మానేసింది ఆమే. వారం తిరిగేసరికి మిగతా ఏడిళ్ళూ మానేశాయి. నెలాఖరుకు హబీబున్నీసా, అల్ఫియా హైదరాబాద్ విమానం ఎక్కారు. హమీదుద్దీన్ పాత స్నేహితుడి లేబర్ క్యాంప్ గదిలో పై మంచానికి మారాడు.

ఈ క్యారియర్లు మొదలవకముందే కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి భానుమతిగారికి ఏ వాసనా తెలియదు. ఇంట్లో పాలు మాడితే రామచంద్రరావుగారే వెళ్ళి పొయ్యి ఆపుతారు.