పురుగుల పేపరును బతికించిన బాబాయి

మా కాలేజీ జువాలజీ ల్యాబ్ అటెండరు గారు పోయారు. ఈ సంగతి ఏ దినపత్రికలోనూ రాలేదు. పొదిలి నుంచి నా మిత్రుడు రాసిన పోస్టుకార్డులో వచ్చింది. కార్డులో ముప్పాతిక భాగం వాన పడలేదనీ, కందులు ఇంకా వెయ్యలేదనీ, వాళ్ల గేదె ఈనిందనీ. చివర్న, అడ్రసు రాయాల్సిన చోటు దాకా వెళ్లిపోయి, నలుసుల్లాంటి అక్షరాల్లో: "బాబాయి పోయాడురా. ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి మంచినీళ్లు అడిగాడంట. అవి తెచ్చేలోపలే." చెప్పలేని మాటను ఎంత దూరం నెట్టగలడో అంత దూరమూ నెట్టాడు పాపం. నేను తక్కువ తిన్నానా? ఆ కార్డు చదివి చాలాసేపు, పుట్టింది పెయ్యదూడో కోడెదూడో రాయలేదేమిటా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

కాలేజీ పత్రికవాళ్లు "ఆయన గురించి రెండు పేజీలు రాసివ్వు, వెకిలి వేషాలు లేకుండా రాయి" అన్నారు. నా శక్తి మేరకు ప్రయత్నిస్తాను. చదివేవాళ్లు కూడా కొంచెం సాయం చెయ్యాలి.

ఆఫీసు రికార్డులో ఆయన అటెండరు. మా అందరికీ బాబాయి. మా సీనియర్లకూ బాబాయే, వాళ్ల సీనియర్లకూ బాబాయే. ఖాకీ చొక్కా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఒక పట్టకారు, మెడలో పురికొసతో వేలాడే భూతద్దం. చదివింది ఎనిమిదో తరగతి. చిన్నప్పుడు వాళ్లమ్మతోపాటు మిరప చేలల్లో కూలికి వెళ్లేవారట. అందుకని ఆయనకు పురుగుల పేర్లు రెండు రకాలుగా తెలుసు. చేలల్లో నేర్చుకున్నవి తెలుగులో. లెక్చరర్లు పాఠం చెబుతుంటే బల్లలు తుడుస్తూ విన్నవి లాటిన్‌లో. "ఈవిడ బెమీసియా టబాకి. మన తెల్లదోమ" అని, కొత్తగా కలిసిన వియ్యపురాలిని పరిచయం చేసినట్టు చెప్పేవారు.

ల్యాబ్ వెనక గోడ పొడుగునా అద్దాల మూతలున్న చెక్క పెట్టెలు. వాటిలో గుండుసూదులకు గుచ్చిన పురుగులు, సీతాకోకచిలుకలు, పెంకు పురుగులు. అన్నీ ఆయన పట్టినవే. ఆదివారం ఆరాధన అయ్యాక, వాళ్లావిడ పాత దోమతెర గుడ్డతో కుట్టిపెట్టిన వల భుజాన వేసుకుని, బస్సెక్కి ఏదో ఒక ఊరు వెళ్లి చేలమ్మట తిరిగేవారు. మిగతా కాలేజీల్లో పెట్టెలు పురుగు కుటుంబాన్ని బట్టి ఉంటాయి. మా కాలేజీలో ఊరిని బట్టి ఉండేవి. దాచేపల్లి పెట్టె, పొదిలి పెట్టె, చీమకుర్తి పెట్టె. "కుటుంబాలు మీ పుస్తకంలో ఉన్నాయిగా నాయనా. అది ఏ చేలో తిరిగిందో మీ పుస్తకంలో లేదు" అనేవారు. యూనివర్సిటీ నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు ఈ పద్ధతి చూసి ప్రతిసారీ ముఖం చిట్లించేవారు. ప్రతిసారీ ఆయన "అలాగేనండి, మారుస్తానండి" అనేవారు. ప్రతిసారీ మార్చేవారు కాదు.

ఇక నా ప్రతాపం గురించి చెప్పక తప్పదు.

నేను రెండో ఏడాదిలో ఉండగా దసరా సెలవులకు ఇంటికి వెళ్లాను. మా పత్తి ఆకుల మీద మసి పట్టి ఉంది. చేయి పెడితే జిగురు. నాన్న "ఏందిరా ఇది?" అని అడిగారు. ఆ నెలలోనే బోటనీలో శిలీంధ్రాలు చదివి ఉన్నాను. చేను గట్టున నిలబడి, గొంతు సవరించుకుని, "ఇది శిలీంధ్ర వ్యాధి" అని తీర్పు చెప్పాను. బూజుమందు పేరు కూడా రాసిచ్చాను. నాన్న రెండుసార్లు కొట్టించారు. డిగ్రీ చదివే కుర్రాడు చెప్పాడని పక్క చేల ఇద్దరు కూడా కొట్టించారు. పదిహేను రోజులకు ఆకులు ముడుచుకుపోయాయి. గూడ, అంటే పూత మొగ్గ, అంతా రాలిపోయింది.

ఒక ఆకును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ల్యాబ్‌కు పట్టుకెళ్లాను, నా శిలీంధ్రాన్ని బాబాయికి చూపిద్దామని. ఆయన దాన్ని చూసి, "పైన మసి చూశావా సైంటిస్టూ?" అన్నారు.

"చూశాను బాబాయ్. అదే కదా శిలీంధ్రం."

"శిలీంధ్రమే. మరి అది అక్కడికి ఏం తినడానికి వచ్చింది?"

ఆయన ఆకును తిప్పి భూతద్దం నా చేతికిచ్చారు. ఆకు అడుగున తెల్లదోమ పిల్లలు, అంగుళం ఖాళీ లేకుండా. అవి రసం పీల్చి జిగురు కారుస్తుంటే, ఆ జిగురు కింది ఆకుల మీద పడుతుంటే, దాని మీద మసి పెరుగుతోంది. నేను మసిని కడిగించాను. దోమను కులాసాగా వదిలేశాను.

"మీ నాన్నకి చెప్పావా?" అన్నారు బాబాయి.

"ఏమని చెప్పను?"

"ఆకు తిప్పలేదని."

చెప్పాను. నాన్న తిట్టలేదు. "చదువుకున్నోడివి కదా అని విన్నానురా" అన్నారు, అంతే. ఆ శీతాకాలం మా ఇంట్లో పత్తి ఊసు ఎవరూ ఎత్తలేదు. పక్క చేలవాళ్లు బజార్లో నన్ను చూసి ఏమీ అనలేదు. అదే భరించలేకపోయాను.

ఆ తర్వాత జులైలో ఫైనలియర్ మొదలైంది. జువాలజీలో ఒక పేపరు మమ్మల్నే ఎంచుకోమంటారు. చేపల పెంపకమా, కీటక శాస్త్రమా. చేపల పేపరులో ఏటా అవే ప్రశ్నలు తిరిగొస్తాయి. పైగా అప్పుడే అందరి నోటా చేపల చెరువుల మాటే. పురుగుల పేపరులో మార్కులు రావు, గుర్తుపట్టాల్సిన కాళ్లూ రెక్కలూ లెక్కలేనన్ని. నేను ఏది తీసుకోవాలో నాన్నే తేల్చారు. "ఆ పురుగులది తీసుకో. ఈసారన్నా రెండో వైపు చూడటం నేర్పుతారేమో."

మా జువాలజీ హెడ్ గారు నోటీసు పెట్టారు. ఏ పేపరుకైనా కనీసం ఎనిమిది మంది ఉండాలి. శుక్రవారం నాలుగు గంటలకల్లా సంతకాలు అందకపోతే ఆ పేపరు ఎత్తేస్తారు. పురుగుల పేపరు ఎత్తేస్తే వెనక గోడ పెట్టెలు స్టోరు గదికి పోతాయి, ఆ స్థలంలో చేపల తొట్లు వస్తాయి. స్టోరు గదిలో చెదలు ఉన్నాయని కాలేజీ మొత్తానికీ తెలుసు. సోమవారానికి మేం ఇద్దరమే. నేనూ, పొదిలి మిత్రుడూ. "మా కందికాయలు తినేది, మీ పత్తికాయలు తినేది ఒకడేగదరా. ఆడెవడో చూద్దాం పద" అని వాడు నా వెంట వచ్చాడు.

మంగళవారం నేను క్యాంటీన్‌లో బెంచీ ఎక్కి ప్రసంగించాను. "మిత్రులారా, చేపను మీరు తింటారు. మీ పంటను పురుగు తింటుంది. తెలుసుకోవాల్సింది ఎవర్ని?" చప్పట్లు బాగానే కొట్టారు. సంతకం ఒక్కడూ పెట్టలేదు. పైగా వెనక నుంచి ఒకడు, "ఒరేయ్, నువ్వు రాసిచ్చిన మందు కొట్టి మా మావయ్య చేను ఏమైందో మాకు తెలుసులేరా, దిగు" అన్నాడు. ఆ ప్రసంగం అక్కడితో సమాప్తం.

బాబాయి ప్రసంగం చెయ్యలేదు. ల్యాబ్‌లోకి వచ్చినవాణ్ణి వచ్చినట్టు "మీ ఊరేది?" అని అడిగి, ఆ ఊరి పెట్టె దించి, భూతద్దం ఇచ్చి, "చదవమాక. చూడు. ఇది మీ ఊరోడే" అనేవారు. దాచేపల్లి వాడు తన పెట్టెలో ఒక పెంకు పురుగు మీద తెల్లటి సున్నపురాయి దుమ్ము చూసి, "బాబాయ్, ఈ దుమ్ము కూడా మాదే" అని అరగంట కదలలేదు. చీమకుర్తి వాడు "మా ఊళ్లో రాళ్లు తప్ప ఏముంటాయి?" అని ఎగతాళిగా వచ్చి, గ్రానైటు పలక రంగులో కలిసిపోయి కూర్చున్న రెక్కల పురుగును చాలాసేపు వెతికి పట్టుకుని, సంతకం పెట్టి పోయాడు. గురువారం సాయంత్రానికి ఏడుగురం.

ఎనిమిదో మనిషి దొరకలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి మా క్లాసులో మిగిలింది ఒక పల్లెటూరి గుడి పూజారి గారమ్మాయి ఒక్కతే. మిగతావాళ్లంతా చేపల్లోకి వెళ్లిపోయారు. ఆ అమ్మాయి ఇంకా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. చేపలు కొయ్యడం ఇష్టం లేదు, పురుగులంటే భయం.

"ఇంట్లో పురుగు కనబడితే చీపురుతో పక్కకి నెట్టేస్తామండీ. నా వల్ల కాదు" అంది.

"నువ్వేం చెయ్యొద్దులేమ్మా. ఊరికే చూడు" అని బాబాయి వాళ్ల ఊరి పెట్టె దించారు. అందులో ఒకే ఒక్క పెద్ద రెక్కల పురుగు. రెక్కల మీద ఆకుపచ్చలో ఆకుపచ్చ, మధ్యలో గులాబీ రంగు చార, జరీ లేని పట్టుచీరలాగా. "మీ నాన్నగారు పూజకి గన్నేరు పూలు కోస్తారే, ఆ చెట్టు మీద పట్టుకున్నా. అడిగే పట్టుకున్నాలేమ్మా. ఆయన పూల సజ్జతో ఒక పక్క, నేను వలతో ఒక పక్క. అది ఎగరకుండా ఇద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఆ రోజు పూజ కాస్త ఆలస్యమైంది."

ఆ అమ్మాయి భూతద్దం తీసుకుంది. మేం ఏడుగురం గుమ్మం దగ్గర నిలబడి గోడ గడియారం చూస్తున్నాం. మూడున్నర. మూడు నలభై. అప్పుడే హెడ్ గారు లోపలికి వచ్చారు.

"ఏవయ్యా, అటెండరువి నీకెందుకయ్యా ఈ ఆప్షన్ల గొడవ?"

"నాకేముందండి. ఏ పేపరైనా నేను ఊడ్చే గది ఇదే కదండి."

"మరి పిల్లల్ని పట్టుకుని ఈ పెట్టెలేంటి?"

"స్టోరు గదిలో పెడితే చెదలు చూస్తాయండి. ఇక్కడుంటే పిల్లలు చూస్తారు. అంతేనండి."

ఆయన గొంతు పెంచలేదు. తల మాత్రం దించలేదు. హెడ్ గారు ఏదో అనబోయారు. పూజారి గారమ్మాయి పెట్టె మీంచి తల ఎత్తకుండానే, "సార్, పెన్ను ఉందాండీ?" అంది. హెడ్ గారి పెన్నుతోనే సంతకం పెట్టింది.

ఆ ఏడాది మా క్లాసు ఎనిమిది మంది. లెక్చరరు గారు పాఠం చెబుతూ ఎక్కడైనా తడబడితే గుమ్మం దగ్గర చిన్న దగ్గు వినిపించేది. లెక్చరరు గారు మంచివారు. "చెప్పవయ్యా" అనేవారు. "పురుక్కి సిలబస్ తెలీదు నాయనా. మీ పరీక్షలైపోయినా అది తింటానే ఉంటుంది" అని బాబాయి మమ్మల్ని ఆదివారాలు చేలమ్మట తిప్పారు. ఒక ఆదివారం మా చేనుకూ తీసుకెళ్లాను. నాన్నా ఆయనా గట్టున నిలబడ్డారు.

"మావాడు పోయినేడు శిలీంధ్రం అన్నాడండీ" అన్నారు నాన్న.

"పిల్లలకి ముందు పైవైపు చెబుతారండి. అడుగువైపు ఫైనలియర్‌లో" అన్నారు బాబాయి.

నాన్న నవ్వారు. ఏడాది తర్వాత ఆ చేలో అది మొదటి నవ్వు. ఆకు అడుగు తడిసేలా ఎలా కొట్టాలో, ఎప్పుడు అసలు కొట్టకూడదో బాబాయి చెబుతుంటే, పోయినేడు నా మాట విని దెబ్బతిన్న పక్క చేలవాళ్లిద్దరూ వచ్చి నిలబడి విన్నారు. ఆ ఏడు పత్తి విరగకాసిందని అబద్ధం చెప్పను. కాసింది. పక్క చేలాయన బజార్లో కనబడి "ఏరా" అన్నాడు. నాకు ఫస్టు క్లాసు వచ్చినట్టే అయింది. తర్వాత నిజంగానే వచ్చింది. ఎనిమిది మందిమీ పాసయ్యాం. ఇప్పుడు నేను ఎమ్మెస్సీలో కూడా పురుగులే చదువుతున్నాను. మా ప్రొఫెసరు గారు ఒకసారి "ఆకును ముందు తిప్పి చూసే అలవాటు నీకెవరు నేర్పారు?" అని అడిగారు. "మా ల్యాబ్ అటెండరు గారండీ" అన్నాను. నేను జోకేస్తున్నాననుకుని ఆయన నవ్వారు. ఒకసారి నవ్వించేవాడిగా పేరు పడితే ఇదే ఇబ్బంది. ఆ మాట నేను అన్నింటికన్నా గర్వంగా అన్న మాట.

కార్డు అందిన వారానికి బాబాయి వాళ్లింటికి వెళ్లాను. వాళ్లావిడ కాఫీ ఇచ్చి, "ఈ ఇంట్లో వంకాయ కూర ఒక్కనాడు తిన్నగా వండనిచ్చారా బాబూ? పుచ్చు వంకాయ కనబడితే పండగే. కూర పక్కన పెట్టించి పురుగును చూపించేవారు" అంది. అంటూనే నవ్వింది. నవ్వుతూనే లోపలికి వెళ్లి కాసేపు రాలేదు.

అక్కడి నుంచి కాలేజీకి నడిచాను. మళ్లీ జులై. మళ్లీ ఆప్షన్లు. వెనక గోడ పెట్టెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. హెడ్ గారు ల్యాబ్ వరండాలో చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "ఈ ఏడు పురుగుల పేపరుకు ఎంతమందో తెలుసా? గది చాలడం లేదయ్యా. పోయినేడంతా సెకండియర్ పిల్లల్ని ఒక్కొక్కర్నీ పట్టుకుని 'మీ ఊరేది' అని అడిగాడు. ఇప్పుడు వీళ్లనెక్కడ కూర్చోబెట్టను?" అన్నారు. విసుక్కుంటున్నట్టే అన్నారు.

అప్పుడు చూశాను. ఇంగ్లీషు డిపార్టుమెంటులో మిగిలిన బెంచీల్ని పిల్లలు జువాలజీకి మోసుకొస్తున్నారు. ఒక్కో బెంచీని బోర్లా తిప్పి, ముగ్గురేసి తలల మీద పెట్టుకుని, ఎర్రటి ఎండలో గ్రౌండు దాటుతున్నారు. దూరానికి మనుషుల ముఖాలు కనబడటం లేదు. పైన గోధుమ రంగు చెక్క పెంకు, కింద వడివడిగా కదిలే ఆరు కాళ్లు. ఒకదాని వెనక ఒకటి, వరసగా, ల్యాబ్ వైపే.