బతుకమ్మ కింద ఇనుప కడియం

చెరువులో పడ్డ ఒక కడియం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తప్పంతా నా మీదే వేశారు కాబట్టి ముందు మా ఎదురింటి రాజవ్వ గురించి చెప్పాలి. సద్దుల బతుకమ్మ నాడు వాడలో ఆమె పేర్చిన బతుకమ్మే అన్నిటికంటే ఎత్తు. పూల నడుమ ఎండుగడ్డి కూరుతుంది, నేను చూశాను. నిరుడు నాది దారిలోనే ఒరిగి కూలింది. "గాలన్న లేకపాయె గదనే" అని ఏడాదంతా అంటూనే ఉంది. సరే, అది వదిలేయండి.

మా మరిది సమ్మయ్య ములుగు దిక్కు సొరంగంలో పని చేస్తాడు. అక్కడ కొండను తొలిచే మిషన్ మూతికి ఇనుప కడియాలుంటాయి. తిరుగుతూ రాయిని నూరుతాయి. అరిగితే సమ్మయ్య వాళ్లు లోపలికి పోయి మారుస్తారు. ఈ మాత్రానికే ఇంట్లో అతని నడక చూడాలి, కొండను తానే కొరికినట్టు.

ఈ మధ్య ఒక కడియం ఒక్క పక్కే చదునుగా అరిగింది. సమ్మయ్య సరిగ్గా బిగించలేదన్నాడు సూపర్‌వైజర్. బేరింగ్ జామై కడియం తిరగడం ఆగిపోయింది, అందుకే రాయి ఒక్క పక్కే తినేసింది అని ఇతని వాదన. పండుగ వెళ్లాక ఇంజనీర్ వస్తాడు. కడియం చూపించకపోతే నౌకరీ పోతుంది. అక్కడే ఉంటే తుక్కులో కలిపేస్తారని అడిగి ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాడు.

ఇదంతా మా ఆయనకు చెప్పాడు. నాకెవరు చెప్పారు?

పండుగ నాడు మంచం కింద నాకు కనిపించింది తాంబాలానికి కొలిచినట్టున్న బరువైన కడియం. ఈసారి ఒరగకుండా దాన్ని అడుగున పెట్టి, గుమ్మడాకులు కప్పి, పైన తంగేడు, గునుగు పేర్చాను. ఎత్తులో నాది రాజవ్వ బతుకమ్మను దాటింది. నెత్తికెత్తుకుంటే మెడలో ఏదో కటుక్కుమంది. అయినా నవ్వుతూనే నడిచాను. బతుకమ్మ ఇసుమంతైనా కదల్లేదు.

నీళ్లలో తాంబాలం వంచేసరికి పూలతోపాటు కడియమూ జారింది. అందరి బతుకమ్మలు తేలుతూ పోతున్నాయి. నాది బుడుంగుమంది.

"ఏందే, నీ బతుకమ్మ రాయోలె మునిగింది?" అంది రాజవ్వ.

సమ్మయ్య ఇంటికొచ్చి మంచం కింద చూశాడు. "వదినా, నా నౌకరీ యాడ వెట్టినవ్?" అన్నాడు. చెరువు చూపించాను. మగవాళ్లంతా కొత్త బట్టలు విప్పి దిగారు. బురద తప్ప ఏమీ దొరకలేదు. తిట్లన్నీ నాకే. నౌకరీని మంచం కింద దాచినవాణ్ణి ఒక్కరూ ఏమనలేదు.

పండుగ వెళ్లాక ఇంజనీర్ వచ్చాడు. మిషన్ మూతికే ఉన్న ఇంకో కడియం అట్లాగే జామై, అరిగి కనిపించిందట. తప్పు బేరింగుదేనని తేల్చి వెళ్లాడు. మా కడియం అడగనే లేదు.

నా మెడ ఇప్పటికీ ఒక్క పక్కకే తిరుగుతుంది. దాన్ని చూడడానికి ఏ ఇంజనీరూ రాలేదు.