యానాం వంతెన దాకా

మా పిన్ని ప్రభువునందు నిద్రించిందని చర్చిలో పాస్టరుగారు చెప్పారు. బాబాయి మాత్రం ఫోన్‌లో అంత మాట అనలేదు. "పిన్ని వెళ్ళిపోయిందిరా, బయల్దేరు" అన్నాడు. నేను రాజమండ్రిలో బస్సెక్కి మండపేట చేరేసరికి ఇంటి ముందు షామియానా వేసేశారు. వచ్చినవాళ్ళంతా ముందు పిన్నిని చూశారు. తర్వాత బాబాయిని ఇంకాస్త ఎక్కువసేపు చూశారు. ఎందుకో తెలియాలంటే యానాం సంగతి చెప్పాలి.

బాబాయి రైసుమిల్లు లారీ డ్రైవరు. ముమ్మిడివరం వైపు బియ్యం లోడు పడితే యానాం మీదుగా వెళ్ళి గోదావరి వంతెన ఎక్కుతాడు. యానాంలో మందు చవక, షాపులు రోడ్డు మీదే. ఒకప్పుడు అక్కడ లారీ ఆగిందంటే మళ్ళీ ఎప్పుడు కదులుతుందో ఆయనకే తెలిసేది కాదు. ఇంకోసారి ఇలా జరిగితే తాళాలిచ్చి వెళ్ళిపొమ్మన్నాడు మిల్లు ఓనరు. బాబాయి పాస్టరుగారి ముందు మోకరించి ప్రమాణాలు చేశాడు. చేసింది మండపేటలో, తప్పింది యానాంలో. "మిగతా ఊళ్ళన్నీ బాగానే దాటేస్తన్నానే. అక్కడికెళ్ళేసరికి నా చేతులే నా మాట వినట్లేదు" అని ఓరోజు పిన్ని ముందు ఏడ్చేశాడట.

"అయితే అక్కడ నేను మీతో ఉంటానండి" అందట పిన్ని.

ఉండడమంటే ఫోన్‌లో. యానాం ఇంకాస్త దూరంలో ఉందనగా బాబాయి ఇంటికి ఫోన్ కలిపి స్టాండులో పెట్టేవాడు. పిన్ని బైబిల్ తెరిచి, కీర్తనలన్నిటిలోకీ పొడుగ్గా ఉండేది అందుకునేది. ఎప్పుడూ అదే ఎందుకని అడిగాను. "చిన్నవైతే షాపులు అవకుండానే అయిపోతున్నాయిరా" అంది. దేవుడి వాక్యాన్ని రోడ్డు పొడవు చూసి ఎంచుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. పొద్దుటి లోడు కాబట్టి సగం చదివేసరికి దాదాపు ఎప్పుడూ కుక్కర్ కూతేసేది. "ఉండండి, దింపొస్తాను" అని వెళ్ళి, వచ్చి, ఆపిన చోటునుంచి మళ్ళీ చదివేది. అటునుంచి "వంతెనెక్కానే" అని వినబడగానే పుస్తకం మూసేది.

నేను క్రిస్మస్‌కి తప్ప చర్చిలో కనబడను. నాకిదంతా పాతకాలపు పద్ధతిలా అనిపించేది. "రికార్డు చేసి వాట్సాప్‌లో పంపెయ్యొచ్చుగా పిన్నీ, రోజూ ఈ తిప్పలెందుకు?" అన్నాను.

"రికార్డయితే బండాపేసి కూడా వినొచ్చురా. ఇలాగైతే నేను ఇంజను వింటా ఉంటాను" అంది.

కళ్ళు పుస్తకంలో, చెవులు లారీలో. అదీ ఆవిడ భక్తి. ఒకసారి నేనుండగానే, చదువుతున్న మధ్యలో ఇంజను ఆగిపోయింది. పిన్ని ఆపారేంటని అడగలేదు. గొంతు కాస్త పెంచి చదువుకుంటూ పోయింది. చాలాసేపటికి తలుపు వేసిన చప్పుడు, మళ్ళీ ఇంజను. బాబాయి ఆ సాయంత్రం తిన్నగానే ఇంటికొచ్చాడు. ఎందుకు ఆపాడో ఆవిడ అప్పుడూ అడగలేదు.

"అడిగితే ఆయన అబద్ధమాడాల్సొస్తుందేమో. ఎందుకురా?" అంది నాతో. "సైతాను శోధన యేసయ్యకే వచ్చింది, ఈయనకి రాదా? వచ్చినప్పుడు ఒక్కళ్ళే ఉండకూడదు, అంతే."

ఈ ఏడాది పిన్నికి జబ్బు చేసింది. రాజమండ్రి ఆసుపత్రిలో రిపోర్టుల కోసం ఎదురుచూసిన రోజుల్లో చదవడం బాబాయి వంతయింది. ఆయన అక్షరం కింద వేలు పెట్టి కూడబలుక్కుని చదివే రకం. భయంలో మరీ తొందరపడేవాడు. "మెల్లగా చదవండి, వంతెన ఇంకా దూరం ఉంది" అనేది పిన్ని కళ్ళు మూసుకునే. భయంగా ఉందా అని నేనడిగితే, "ఉండదేంటిరా? ఉంది. ఈయన చదువుతుంటే కాస్త ఓర్చుకోగలుగుతున్నాను" అంది.

సమాధి అయిన కొన్నాళ్ళకి బాబాయికి ముమ్మిడివరం లోడు పడింది. మా వాళ్ళు నన్ను తోడు పంపారు. తోడంటే కాపలా. అది బాబాయికీ తెలుసు. యానాం దగ్గరపడగానే అలవాటుగా ఫోన్ తీశాడు. దాన్ని ఒక్క క్షణం చూసి, ఎవరికీ చెయ్యకుండానే స్టాండులో పెట్టాడు. నేను నా ఫోన్‌లో ఆ కీర్తన వెతికి చదవబోయాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

తనే మొదలుపెట్టాడు. పుస్తకం లేదు, కూడబలుక్కోవడం లేదు. పిన్ని ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడే తీసుకుంటూ, ఆవిడ సాగదీసే మాటల్ని అలాగే సాగదీస్తూ చెప్పుకుపోతున్నాడు. షాపులు మొదలయ్యాయి. నా చెవులు ఇంజను మీదే ఉన్నాయి.

సగంలో టక్కున ఆగిపోయాడు. లారీ కూడా నెమ్మదించింది. పక్కనే షాపు, దాని ముందు జనం.

"ఏమైంది బాబాయ్?" అన్నాను.

"కుక్కర్ దింపుతోందిరా" అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడ వెళ్ళి రావడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఊరుకున్నాడు. తర్వాత ఆపిన చోటునుంచే అందుకున్నాడు. షాపులు వెనక్కి పోయాయి. చక్రాలు వంతెన మీదికి ఎక్కాయి, కింద గోదావరి కనబడింది. బాబాయి స్టాండులోని ఫోన్ వైపు కొద్దిగా వంగాడు.

"వంతెనెక్కానే" అన్నాడు.